బస్తీలో అడిగిన ప్రశ్నలకు జవాబులు క్యాంపస్‌లోనా?

సామాజిక శాస్త్ర పరిశోధనల్లో తేలిన సంగతులను ఉచిత బహిరంగ సభల్లో స్థానికులకు వినిపించాలని చెన్నైలో ఎప్పుడు అనుకున్నా, ఆ సభ ఎక్కడ పెట్టాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్న వివాదం వెంటే వస్తోంది. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య కార్మికులు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా నగర కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ భవనం ముందు రెండు వారాల పాటు బైఠాయించారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి ఖాళీ చేయించాక ఈ ప్రశ్నకు మళ్లీ పదును వచ్చింది. తరతరాలుగా ఈ నగరపు చెత్త ఎత్తుతున్న కుటుంబాల్లో ఇంట తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. పరిశోధకులు వారి జీతాల గురించి, అప్పుల గురించి, ఒంట్లో బాగోగుల గురించి వారి గుమ్మంలోనే కూర్చుని అడుగుతారు. తేలిన సంగతులు చెప్పే సభలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో, కొన్నిసార్లు తమిళంలో, క్యాంపస్ సెమినార్ హాళ్లలో జరుగుతాయి. ప్రవేశం ఉచితమని ఆహ్వానపత్రంలో ఉంటుంది కాబట్టి నిర్వాహకుల దృష్టిలో అది అందరి సభే.

మద్రాస్ విశ్వవిద్యాలయం పుట్టుక గురించి, 1915లో అక్కడ భారత ఆర్థికశాస్త్రానికి తొలి ఆచార్యుడిగా చేరిన గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థులను సొంత ఊళ్లకు పంపి చేయించిన గ్రామ సర్వేల గురించి చాలామందే రాశారు. ఇక్కడ అందులో ఒక్క విషయం చాలు. ఆ సర్వేల్లోని ఇరువేల్పట్టు అనే ఊరిని ఆ తర్వాత 1930లలో, 1960లలో, 1980లలో, మళ్లీ 2008లో పరిశోధకులు తిరిగి పరిశీలించారు. దేశంలో అంత దీర్ఘకాలం పరిశీలనలో ఉన్న ఊళ్లు అరుదు. ఆ వరుసలో వచ్చిన ప్రధాన రచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఊరివాళ్ల నోటి నుంచి వచ్చిన మాట ఊరివాళ్లు చదవలేని పుస్తకంగా మారడం ఆనాటి నుంచీ ఉన్నదే.

అయితే నేటి వివాదానికి అసలు మూలం అంత వెనక లేదు, 1977, 1978 సంవత్సరాల్లో ఉంది. 1977లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తన విధాన ప్రకటనలో విస్తరణను, అంటే క్యాంపస్ దాటి ప్రజల మధ్య చేసే పనిని, విశ్వవిద్యాలయాల మూడో బాధ్యతగా గుర్తించి, బోధనకూ పరిశోధనకూ ఉన్న హోదానే దానికీ ఇవ్వాలని చెప్పింది. కాగితం మీద అంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం. విశ్వవిద్యాలయం ప్రజల వద్దకు వెళ్లడమే కాకుండా ప్రజల నుంచి నేర్చుకున్నదాన్ని వారితో పంచుకునే మార్గం ఆ ఒక్క వాక్యంతో తెరుచుకుని ఉండవచ్చు. మరుసటి ఏడాది అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల లోపు నిరక్షరాస్యులు 10 కోట్ల మందికి చదువు చెప్పాలన్న ఆ లక్ష్యం గొప్పదే, కానీ విస్తరణ కోసం వచ్చిన నిధులూ సిబ్బందీ అటే మళ్లడంతో విశ్వవిద్యాలయాల్లో విస్తరణ అంటే అక్షరాస్యతా తరగతులే అయిపోయింది. బస్తీ మనిషి అక్కడ ఎప్పుడూ చెప్పించుకునేవాడే తప్ప, తన గురించి రాసినదాన్ని విని సరిచేయగలవాడు కాలేకపోయాడు. ఇటు పరిశోధనలో పెద్ద భాగం 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్ఎస్ఆర్) అండతో విడి సంస్థల్లోకి వెళ్లింది. చెన్నైలో మాల్కం ఆదిశేషయ్య 1971లో అడయార్‌లో స్థాపించిన మద్రాస్ అభివృద్ధి అధ్యయనాల సంస్థ వాటిలో ఒకటి. ఆ సంస్థల నుంచి విలువైన అధ్యయనాలు వచ్చాయి. అయినా ప్రజల వద్దకు వెళ్లే విభాగం ఒకచోట, పరిశోధించే విభాగం మరోచోట ఉండిపోయి, రెండింటికీ మధ్య రాకపోకలు తగ్గాయి.

సరిచేయడం అన్న మాటను ఒక ఉదాహరణతో చెప్పాలి. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారన్న ప్రశ్నకు సర్వే ఫారంలో ఒక గడి ఉంటుంది. వీధులు ఊడ్చే మహిళ తెల్లవారకముందే లేచి, బస్సు లేని వేళలో నడిచి మస్టరు వేసే చోటికి చేరుకుంటుంది, పని ముగిశాక సంతకం కోసం మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ గడిలో 8 అని పడుతుంది. అదే అంకె పట్టికలోకి, పట్టిక నుంచి నివేదికలోకి వెళుతుంది. నివేదికను ఆమె ముందే తెలుగులో చదివి వినిపిస్తే, ఎనిమిది కాదని అక్కడికక్కడే చెబుతుంది. అలాంటి సవరణ కోసమే బస్తీలో సభ పెట్టమని అడుగుతున్నారు.

ఈ కోరిక చెన్నైకి కొత్తదేమీ కాదు. 1918 ఏప్రిల్ 27న పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్‌కు పునాది పడింది పెరంబూర్‌లోని ఒక చిన్న భక్త సభలో. జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు నడిపిన శ్రీ వెంకటేశ గుణామృత వర్షిణి సభకు మిల్లు కార్మికులు వచ్చేవారు. దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియా ఇంగ్లీషులో మాట్లాడితే ఆ ప్రసంగాన్ని కార్మికులకు తమిళంలో చెప్పేవారు. విద్యావంతులు కార్మికులున్న చోటికి వెళ్లారు, వారి భాషలో వినిపించే ఏర్పాటు చేశారు, వాళ్లు చెప్పింది విన్నారు. ఆ యూనియన్ నాయకుల్లో ఒకరైన తిరు.వి.కల్యాణసుందరం పేరే నేడు ఆ ప్రాంతపు జోన్‌కు ఉంది.

నిర్వాహకుల వాదన కొట్టిపారేయదగినది కాదు. తెలుగులో ధారాళంగా చెప్పగల పరిశోధకులు తక్కువ. చిన్న బస్తీలో అప్పుల లెక్కలు బహిరంగంగా చదివితే ఏ ఇల్లో ఇరుగుపొరుగు ఇట్టే పోల్చుకుంటారన్న భయమూ న్యాయమైనదే. మొత్తాలు, సగటులు మాత్రమే చెప్పి, ఒక్కో ఇంటి వివరాన్ని ఆ ఇంటివారికి విడిగా వినిపిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. భాషకు దుబాసీ చాలు, ఆ బస్తీలోనే రెండు భాషలూ వచ్చిన కాలేజీ పిల్లలు ఉంటారు.

బ్రిటన్‌లో ఆర్థిక, సామాజిక పరిశోధన మండలి 2003 నుంచి ఏటా విశ్వవిద్యాలయాలతో కలిసి సామాజిక శాస్త్ర ఉత్సవం నడుపుతోంది. గ్రంథాలయాల్లో, మ్యూజియంలలో, స్థానిక సభామందిరాల్లో ఉచిత కార్యక్రమాలు జరుగుతాయి. ఇక్కడి నిర్వాహకులు తరచూ ఆ పేరు ఎత్తుతారు గాని, దానికి వెన్నుదన్నుగా ఉన్నదాన్ని ప్రస్తావించరు. పరిశోధన వల్ల సమాజానికి కలిగిన ప్రభావానికి అక్కడ విశ్వవిద్యాలయాల పరిశోధనపై జరిపే జాతీయ మూల్యాంకనంలో 2014లో 20 శాతం, 2021లో 25 శాతం మార్కులు కేటాయించారు, నిధులు ఆ ఫలితాన్ని బట్టే వస్తాయి. మన దగ్గర 2020లో యూజీసీ సామాజిక బాధ్యతపై తెచ్చిన మార్గదర్శకాలు విద్యార్థులకు 2 క్రెడిట్ల కోర్సును సూచించాయి. దానితో బస్తీలకు వెళ్లే విద్యార్థుల సంఖ్య పెరగవచ్చు, కానీ నివేదిక రాసిన ఆచార్యుడు తిరిగి రావడానికి అది చాలదు.

ఇప్పుడు బస్తీల నుంచి వినిపిస్తున్న కోరికలు చిన్నవి. పనిదినం ఉదయం పదిన్నరకు క్యాంపస్‌లో పెట్టే సభకు రావాలంటే కార్మికురాలు ఆ రోజు కూలి వదులుకోవాలి. అందుకే ఆదివారం సాయంత్రం, కార్పొరేషన్ బడి ఆవరణలో, తెలుగులోనూ తమిళంలోనూ చెప్పమంటున్నారు. నివేదిక అచ్చుకు వెళ్లకముందే చెప్పమంటున్నారు.