టెక్నాలజీకి కళ్లెం వేసిన సందర్భాలు

"టెక్నాలజీని ఆపడం ఎవరి తరమూ కాదు" అనే మాట ఏఐ చర్చల్లో తరచూ వినిపిస్తోంది. చరిత్ర తిరగేస్తే అది సగమే నిజం.

ఆపలేకపోయిన ఉదాహరణలకు కొదవ లేదు. క్రైస్తవుల మీద క్రాస్‌బో (మీట నొక్కితే బాణం దూసుకెళ్లే విల్లు) వాడొద్దని 1139లో కాథలిక్ చర్చి రెండో లేటరన్ మహాసభ శాసించినా రాజులు చెవిన పెట్టలేదు. 1811 నుంచి ఇంగ్లండ్‌లో లడ్డైట్లు అనే నేత కార్మికులు మేజోళ్లు అల్లే యంత్రాలు విరగ్గొడితే, ప్రభుత్వం మరుసటి ఏడాదే ఆ నేరానికి మరణశిక్ష పెట్టింది. నిజానికి వాళ్ల కోపం యంత్రాలన్నిటి మీదా కాదు, వాటిని అడ్డం పెట్టుకుని కూలి కోసేసిన యజమానుల మీద.

ఆగిన కథ 1970లలో ఉంది. కోతుల్లో కనిపించే ఎస్‌వీ40 వైరస్ డీఎన్‌ఏను ఈ.కోలి బ్యాక్టీరియాలోకి ఎక్కించాలని అమెరికా శాస్త్రవేత్త పాల్ బెర్గ్ అనుకున్నారు. ఆ వైరస్ ల్యాబ్ జంతువుల్లో కణుతులు పుట్టిస్తుంది, ఈ.కోలి మన పేగుల్లో ఉంటుంది. సహచరులకు టెన్షన్ పట్టుకుంది. బెర్గ్ ఆ ప్రయోగం మానుకున్నారు. 1974లో ఆయనా మరికొందరూ కలిసి, ఇలా ఒక జీవి డీఎన్‌ఏను మరో జీవిలో కలిపే కొన్ని ప్రయోగాలను కొంతకాలం ఆపుదామని బహిరంగ లేఖ రాశారు. ఆశ్చర్యమేమిటంటే, ఆపారు! 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సుమారు 140 మంది కూర్చుని గట్టిగా వాదులాడుకున్నారు. ల్యాబ్‌లో ఎవరికైనా జబ్బు చేస్తే కోర్టులో ఏమవుతుందో లాయర్లు విడమరిచి చెప్పాక చాలామంది మెత్తబడ్డారు. ప్రమాదాన్ని బట్టి భద్రత ఉండాలని, ల్యాబ్ బయట బతకలేని బ్యాక్టీరియానే వాడాలని తేల్చారు. భయపడినంత ముప్పు లేదని తెలిశాక నిబంధనలు సడలాయి. 1982లో ఈ పద్ధతిలోనే తయారైన ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

సరిగ్గా ఆ సమావేశం ముగిసిన నెలకే జీవాయుధాల (రోగక్రిములను ఆయుధాలుగా వాడటం) నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చింది. సంతకం పెట్టిన సోవియట్ యూనియన్ మాత్రం గుట్టుగా భారీ జీవాయుధ కార్యక్రమం నడిపింది. 1979లో ఆ దేశంలోని స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో ఉన్న సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా లీకై కనీసం 60 మందికి పైగా చనిపోయారు. కలుషిత మాంసమే కారణమని ఏళ్ల తరబడి బుకాయించారు. ఒప్పందంలో తనిఖీ ఏర్పాటే లేదు మరి. 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందంలో ఇన్‌స్పెక్టర్లను పెట్టారు.

నాకు కనిపించే తేడా ఇదే: అసిలోమార్‌లో ఆ పని చేయగల ల్యాబ్‌లు కొన్నే, వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. పైగా ఆగితే ఎవరికీ పెద్ద నష్టం లేదు. 2023 మార్చిలో, ఓపెన్‌ఏఐ కంపెనీ మోడల్ జీపీటీ-4ను మించిన ఏఐ శిక్షణను ఆరు నెలలు ఆపమంటూ లేఖ వచ్చినప్పుడు కంపెనీలు ఆగలేదు. అయితే ఏఐకి కావాల్సిన అత్యాధునిక చిప్‌లు తయారుచేసే సంస్థలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2022 అక్టోబర్‌లో చైనాకు చిప్‌ల ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు అమెరికా పట్టుకున్న పీక అదే.