ఐసీయూలో రక్తం ఎప్పుడు ఎక్కించాలి?

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఐసీయూలో ఉన్న మన పెద్దావిడ రిపోర్టులో హిమోగ్లోబిన్ (ఎర్ర కణాల్లో ఉండి ఆక్సిజన్‌ను మోసే పదార్థం) 8 అని ఉన్నా డాక్టర్లు రక్తం ఎందుకు ఎక్కించడం లేదని అడిగారు. ఆమెను సరిగా చూడటం లేదేమోనని భయపడ్డారు కూడా. ఐసీయూ బయట కూర్చున్న ప్రతి కుటుంబానికీ వచ్చే భయమే అది. ఒకప్పుడు డాక్టర్లు కూడా మీలాగే ఆలోచించేవారు.

1942లో ఆడమ్స్, లండీ అనే అమెరికా మత్తు వైద్యులు రక్తహీనత ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందే రక్తం ఎక్కించడం మంచిదని రాశారు. ఆ తర్వాత డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి 10 గ్రాముల హిమోగ్లోబిన్ అన్నది ఒక గీతగా స్థిరపడింది. అంతకన్నా తగ్గితే రక్తం ఎక్కించాల్సిందే అనేవారు. దశాబ్దాలపాటు దాన్ని ఎవరూ గట్టిగా పరీక్షించలేదు. ఎర్ర కణాలు ఆక్సిజన్ మోస్తాయి కాబట్టి ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకున్నారు.

కెనడాలో పాల్ ఎబేర్ బృందం దాన్ని పరీక్షించింది. ఐసీయూలో చేరాక హిమోగ్లోబిన్ 9 లేదా అంతకన్నా తక్కువ ఉన్న, రక్తస్రావం లేని 838 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే రక్తం ఇచ్చారు. రెండో జట్టుకు 7 కంటే తగ్గేదాకా ఆగారు. 1999లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ రక్తం పొందినవారిలో నెల రోజుల్లో 23.3 శాతం, తక్కువ పొందినవారిలో 18.7 శాతం చనిపోయారు. ఈ తేడా కాకతాళీయం కావచ్చు. కానీ 55 ఏళ్ళ లోపు వారిలో 13 శాతానికి 5.7 శాతం అన్న తేడాను అలా కొట్టిపారేయలేం. ఆగినందువల్ల నష్టం లేదన్నది మాత్రం స్పష్టమైంది. మీ వయసు పిల్లల సంగతి ఏమిటంటారా? ఐసీయూలో నిలకడగా ఉన్న 637 మంది పిల్లలపై 2007లో వచ్చిన అధ్యయనంలో కూడా 7 దాకా ఆగడం వల్ల కీడు కనబడలేదు.

ఎందుకిలా? హిమోగ్లోబిన్ అణువు ఒక్కొక్కటి నాలుగు ఆక్సిజన్ అణువులను మోస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం అందులో నాలుగో వంతు మాత్రమే వాడుకుంటుంది. నలుగురితో వచ్చిన బండి ఒకరిని దించి ముగ్గురితో తిరిగి వెళ్ళినట్టు. కణాలు తగ్గితే గుండె కాస్త వేగం పెంచుతుంది, ఒళ్ళు మిగిలిన ఆక్సిజన్‌ను కూడా దించుకుంటుంది. ఆ వెసులుబాటు చాలాకాలం సరిపోతుంది.

ఇక రక్తం వల్ల వచ్చే ఇబ్బందులు. ఒక్క బ్యాగు ఎక్కిస్తే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది, దానితోపాటు ద్రవం కూడా ఒంట్లో చేరుతుంది. అలసిన గుండె ఆ భారం మోయలేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కెనడా అధ్యయనంలో ఎక్కువ రక్తం పొందినవారిలో ఇది 10.7 శాతం, రెండో జట్టులో 5.3 శాతం. అరుదుగా, దాత ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవ భాగంలోని) ప్రతిరోధకాలు, అంటే రోగనిరోధక ప్రోటీన్లు, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

రక్తనిధిలో నిలవ ఉంచిన రక్తం మీద కూడా చాలాకాలం అనుమానం ఉండేది. 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఎర్ర కణాలను 42 రోజుల దాకా ఉంచవచ్చు. ఆ వారాల్లో అవి బిరుసెక్కుతాయి, ఆక్సిజన్‌ను వదిలిపెట్టడానికి తోడ్పడే రసాయనం వాటిలో తరిగిపోతుంది. తాజా రక్తం ఇస్తే ఎక్కువమంది బతుకుతారన్న ఊహ ఎంత సబబుగా ఉందో చూడండి! 2015లో 2,430 మంది ఐసీయూ రోగులపై వచ్చిన అధ్యయనం దాన్ని తోసిపుచ్చింది. 90 రోజుల్లో మరణాలు తాజా రక్తంతో 37 శాతం, మామూలు నిలవ రక్తంతో 35.3 శాతం. ఎంత చక్కటి ఊహనైనా పరీక్షకు పెట్టి చూసే ఈ పద్ధతి అంటే నాకు అపారమైన గౌరవం.

అయితే 7 అందరికీ వర్తించే గీత కాదు. రక్తం ధారగా పోతున్న మనిషికి అంకెలు చూస్తూ కూర్చోరు, వెంటనే ఎక్కిస్తారు. గుండెపోటు వచ్చినవారి సంగతి వేరు. 2023లో 3,504 మందిపై వచ్చిన అధ్యయనంలో నెల రోజుల్లో మరణం లేదా మరో గుండెపోటు తక్కువ రక్తం పొందినవారిలో 16.9 శాతం, ఎక్కువ పొందినవారిలో 14.5 శాతం. ఈ తేడా కచ్చితంగా తేలలేదు గానీ మొగ్గు రక్తం ఇవ్వడం వైపే ఉంది. అందుకే అలాంటివారికి 10 దగ్గర ఉంచడానికే చాలామంది వైద్యులు ఇష్టపడతారు. డాక్టరు కనబడినప్పుడు "రక్తం ఎందుకు ఇవ్వడం లేదు?" అనే బదులు "రక్తస్రావం ఉందా? గుండె ఎలా ఉంది? హిమోగ్లోబిన్ నిలకడగా ఉందా, రోజురోజుకూ పడిపోతోందా?" అని అడగండి. ఐసీయూలో అది మెల్లగా తగ్గడం మామూలే. జబ్బు ధాటికి ఎముక మూలుగ కొత్త కణాలను సరిగా తయారుచేయలేదు, రోజూ పరీక్షలకు తీసే రక్తం కూడా దానికి తోడవుతుంది.

అవసరమైతే మా రక్తమే ఇస్తాం అన్నారు. మీ మనసు నాకు అర్థమైంది. కానీ మన దేశంలో రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్ళు నిండాలి, 45 కిలోల బరువు ఉండాలి. పైగా దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్ల కణాలు అరుదుగా రోగి శరీరంపైనే దాడి చేస్తాయి. అందుకే ఎక్కించే ముందు ఆ రక్తానికి రేడియేషన్ ఇవ్వాలి. అలాంటప్పుడు ముక్కూ మొహం తెలియని దాత ఇచ్చిన రక్తమే ఆమెకు మేలు.

ప్రేమతో,
మీ తాతయ్య