‘యు’ అనే ఒక్క అక్షరం వెనక కథ

పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోని 4.0 వెర్షన్‌కి మార్చగానే చాలామందికి ఒకే ఎర్రర్ ఎదురైంది: ‘యుగెట్‌టెక్స్ట్’ (ugettext) అనే పేరు దొరకడం లేదని. సొంత కోడ్‌లో ఎంత వెతికినా ఆ పేరు ఉండదు. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసుకున్న ఏదో లైబ్రరీలో (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌లో), ఫైలు మొదట్లోనే ఉంటుంది. ‘దీన్ని రాసినవాళ్లు వదిలేశారు’ అని వెంటనే అనేస్తాం. అది అన్యాయం. ఏళ్ల తరబడి ఆ ‘యు’ పెట్టి రాయడమే సరైన పద్ధతిగా ఉండేది.

పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ (కోడ్‌లో రాసే వచనం) అంటే బైట్ల వరుస. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతిలో) రాసిన ‘అమ్మ’ పొడవు అడిగితే 12 అని చెప్పేది. అదే బైట్లని కాక అక్షరాల గుర్తులని లెక్కపెట్టే యూనికోడ్ స్ట్రింగ్ అయితే 4: అ, మ, పొల్లు, మళ్లీ మ. జాంగోలో అనువాదాన్ని తెచ్చే గెట్‌టెక్స్ట్ బైట్లు ఇచ్చేది, యుగెట్‌టెక్స్ట్ యూనికోడ్ ఇచ్చేది. తెలుగులాంటి భాష చెడకుండా కనపడాలంటే ‘యు’ ఉన్నదే వాడాల్సి వచ్చేది.

పైథాన్ 3లో స్ట్రింగులన్నీ యూనికోడే కాబట్టి ఆ తేడా పోయింది. కానీ పాత పైథాన్ ఒక్కరోజులో పోలేదు. రెండింటిమీదా ఒకే కోడ్ నడవడానికి ‘సిక్స్’ అనే చిన్న లైబ్రరీ వచ్చింది (రెండు మూళ్లు ఆరు, అదీ పేరు). జాంగో కూడా దాని కాపీని తనలోనే పెట్టుకుంది. 2017 డిసెంబర్‌లో వచ్చిన జాంగో 2.0 పైథాన్ 2ని వదిలేసింది. అయితే దీర్ఘకాల సపోర్టు ఉన్న 1.11 మాత్రం 2020 ఏప్రిల్ దాకా బతికే ఉంది. ఆ వెర్షన్ వాడేవాళ్లనీ కాదనలేని లైబ్రరీ రచయిత ‘యు’ని ఎలా తీసేస్తాడు?

ఇంతలో 2019 డిసెంబర్‌లో జాంగో 3.0 వచ్చింది. ‘సిక్స్’ కాపీని తీసేసింది, ‘యు’ పేర్లు 4.0లో ఉండవని హెచ్చరించింది. 2021 డిసెంబర్‌లో అన్నట్టే తీసేసింది. జాంగో చెప్పకుండా చేసిందేమీ లేదు. కాకపోతే ఆ హెచ్చరికలు కనపడేలా మనం పెట్టుకుంటే తప్ప పైథాన్ వాటిని మామూలుగా చూపించదు. లైబ్రరీలోంచి వచ్చినవైతే మరీ. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

సరిచేయాలంటే ఒక్క అక్షరం చెరిపితే చాలు. కానీ పాత, కొత్త జాంగోలన్నిటిమీదా టెస్టులు నడపాలి, కొత్త వెర్షన్ విడుదల చేయాలి, అందుకు పైథాన్ లైబ్రరీలని అందరికీ అందించే పైపీఐలో అనుమతి ఉన్న మనిషి ఉండాలి. చాలా లైబ్రరీలకి ఆ మనిషి ఒక్కరే, అదీ జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చునేవారు.