ముగ్గురాయి పొడి: శాంపిల్‌కు చిక్కని ధూళి

కడప సీమలోని మంగంపేటలో దొరికే బెరైటీస్‌ను అక్కడివారు ముగ్గురాయి అంటారు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురద ద్రవానికి బరువు రావడానికి ఈ రాయిని మెత్తగా దంచి కలుపుతారు. కొనేవారు ముందుగా చూసేది సాంద్రత. అది నీటికి 4.2 రెట్లు ఉండాలన్నది చిరకాలంగా ఉన్న ప్రమాణం. శుద్ధమైన ముగ్గురాయి సాంద్రత దాదాపు 4.5, దానితో కలిసివచ్చే పలుగురాయిది 2.65 కనుక, బరువులో పదో వంతు పలుగురాయి చేరితే చాలు, సరుకు ఆ హద్దుకు దిగిపోతుంది. ఇంత చిన్న తేడాను ప్రయోగశాల తేలిగ్గానే పట్టుకుంటుంది. కాని తన బల్ల మీదికి వచ్చిన చెంచాడు పొడి లారీడు సరుకుకు సరైన ప్రతినిధేనా అన్నది అది చెప్పలేదు.

ధాన్యం బస్తాలో గొట్టం గుచ్చి చూసినట్టు పొడిని కూడా చూడవచ్చు గాని, గొట్టం తనకు అందిన చోటి పొడినే తెస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ జీ 1950ల నుంచి నిర్మించిన శాంపిలింగ్ సిద్ధాంతం ప్రకారం, ప్రతి రేణువుకూ శాంపిల్‌లో పడే అవకాశం సమానంగా ఉండాలి. అందుకని పొడి ధారగా కిందికి పడుతున్నప్పుడే, ధార మొత్తాన్ని ఒక చివర నుంచి మరో చివర వరకు అడ్డంగా దాటుతూ పోయే కట్టర్‌ను, అంటే నోరు తెరిచి ఉండే పాత్రను, అమరుస్తారు. వెజిన్ శాంపిలర్ అనే యంత్రంలో ఈ కట్టర్ ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఇరుసుకు దగ్గరి భాగం నెమ్మదిగా, దూరపు భాగం వేగంగా కదులుతాయి కాబట్టి దాని నోటిని లోపల ఇరుకుగా, బయటికి వెడల్పుగా, కోసిన పిజ్జా ముక్క ఆకారంలో చేస్తారు. అప్పుడే ధారలోని ప్రతి చోటా అది సమాన కాలం నిలుస్తుంది. నోటి కోణం 18 డిగ్రీలైతే మొత్తంలో 5 శాతం శాంపిల్‌లోకి వస్తుంది.

నోటి వెడల్పు అతిపెద్ద రేణువుకు కనీసం మూడు రెట్లుండాలన్నది జీ సూత్రం. 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడికి ఆ లెక్కన పావు మిల్లీమీటరు కూడా అక్కర్లేదు, కాని అంత సన్నని సందులో పొడి ఇరుక్కుపోతుంది. అందుకే 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, కట్టర్ వేగం సెకనుకు 0.6 మీటర్లు మించకూడదని హద్దులు పెట్టారు.

అసలు చిక్కు గాలితో వస్తుంది. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల ముగ్గురాయి రేణువు సెకనుకు ఒక సెంటీమీటరు పైచిలుకు మాత్రమే దిగుతుంది, కనుక ఏ చిన్న గాలి తీగైనా దాన్ని పక్కకు మోసుకుపోతుంది. కళ్లంలో తూర్పారపట్టేటప్పుడు మనకు కావలసినది సరిగ్గా ఇదే; శాంపిలర్‌లో మాత్రం ఇది దొంగతనమే. కార్మికుల ఊపిరితిత్తుల కోసం పెట్టిన ధూళి పీల్చే గొట్టాన్ని ధార పక్కనే బిగిస్తే అది సన్నని పొడిని ముందుగా లాగేస్తుంది, శాంపిల్‌లో ముతక రేణువుల వాటా పెరుగుతుంది. గొట్టం తీసేయడం పరిష్కారం కాదు. ధారకు దూరంగా, గాలి గుంజుడు తగలని చోటికి దాన్ని మార్చాలి.

దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. పని లేనప్పుడు పక్కన ఆగి ఉన్న కట్టర్ నోరు తెరుచుకుని ఉంటే, శాంపిలర్ పెట్టెలో తేలే ధూళి గంటల తరబడి అందులోకి దిగుతూనే ఉంటుంది, కాబట్టి ఆగే చోట దానికి మూత ఉండాలి. తనిఖీ తలుపు తెరిచి చూస్తే మరొకటి కనిపిస్తుంది: కట్టర్ అంచుల మీద, ముఖ్యంగా తేమ ఉన్న రోజుల్లో, పొడి పిండికట్టులా గట్టిపడి నోటిని కొన్ని మిల్లీమీటర్లు మూసేసి ఉంటుంది. దాన్ని ప్రతి షిఫ్టులోనూ గీకి తీయాల్సిందే.