మన రాయిలో చోటు లేని వాయువు

టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో బోరు వేయడం చూసినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. రిగ్గు పై పొర మట్టిని దాటగానే బూడిద రంగు పొడి గాలిలోకి లేచి, దగ్గరలోని చెట్ల ఆకుల మీద, చూడవచ్చిన పిల్లల తలల మీద పిండిలా పేరుకుంటుంది. వంద అడుగులు దిగినా, రెండు వందలు దిగినా వచ్చేది పొడే. రాతిలో ఎక్కడైనా పగులు తగిలితే ఒక్కసారిగా బురద, దాని వెంట నీరు ఎగజిమ్ముతాయి. తగలకపోతే అప్పు చేసి బోరు వేయించిన రైతు తల పట్టుకుని కూర్చుంటాడు. అదే భావనపాడు వైపు సముద్రపు ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింటు దింపితే కొద్ది లోతులోనే నీరు పడుతుంది, ఎందుకంటే అక్కడ రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న ప్రతి సందూ నీటితో నిండి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న ఈ రెండు నేలల తేడాను మనసులో పెట్టుకుంటే, కార్బన్ డయాక్సైడ్‌ను భూగర్భంలో దాచడమనే వాతావరణ పరిష్కారంలో సగం అర్థమైనట్టే.

మన పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువని పిలిచిన ఈ వాయువు బరువు సంగతి ముందు చెప్పుకోవాలి. ఒక కిలో కార్బన్ మండితే దాదాపు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఎందుకంటే ప్రతి కార్బన్ పరమాణువూ గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను తనతో కలుపుకుంటుంది. అంటే గనిలోంచి తవ్వి తీసినదాని కంటే తిరిగి దాచవలసినది ఎక్కువ బరువు తూగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల అణువులకు 280 దగ్గర ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. ప్రపంచం ఏటా బొగ్గు, చమురు, సహజవాయువులను కాల్చి, సిమెంటు తయారుచేసి వదులుతున్నది 3,700 కోట్ల టన్నుల పైమాటే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను ఒక్క రాత్రిలో నేలకూల్చిన తీరు చూసినవాళ్లం మనం. ఆ ఒక్క తుపానుకూ ఈ వాయువుకూ నేరుగా ముడిపెట్టడం సరికాదు గాని, సముద్రం వేడెక్కే కొద్దీ తుపానులకు దొరికే బలం పెరుగుతుందన్నది భౌతికశాస్త్రం గట్టిగా చెప్పే మాట.

పొగగొట్టంలోంచి వెళ్లేదంతా కార్బన్ డయాక్సైడ్ కాదు. బొగ్గు బాయిలరు పొగలో అది ఏడో వంతుకు అటూఇటుగా ఉంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం నత్రజని. అందుచేత పొగను అమైన్ అనే రసాయన ద్రావణం గుండా పంపి, కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం ద్రావణంలో పట్టుకొని, తర్వాత ఆ ద్రావణాన్ని ఆవిరితో వేడిచేసి వాయువును విడదీస్తారు. ఆ వేడికీ, ఆ తర్వాత వాయువును ఒత్తిడితో కుదించి అణచడానికీ కలిపి విద్యుత్ కేంద్రం తన శక్తిలో 15 నుంచి 25 శాతం దాకా ఖర్చుపెట్టవలసి వస్తుంది. ఈ ఖర్చును పక్కనపెట్టి మాట్లాడేవారి లెక్కలను నమ్మలేము.

అణచిన వాయువును ఎంత లోతుకు పంపాలి? సుమారు 800 మీటర్ల కంటే కిందికి. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక, నీటితో నిండిన రాళ్లలో 800 మీటర్ల దగ్గర ఎనభై రెట్ల పీడనం ఉంటుంది. భూమి లోపలికి వెళ్లే కొద్దీ వేడి కూడా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల వేడినీ, దాదాపు 74 బార్ల పీడనాన్నీ (ఒక బారు అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దాటితే అటు వాయువూ కాని, ఇటు ద్రవమూ కాని స్థితికి చేరుతుంది. ద్రవంలా బరువుగా ఉంటుంది, వాయువులా సందుల్లో దూరుతుంది. నేల మీద 500 ఘనపు మీటర్లకు పైగా, అంటే ఒక చిన్న కల్యాణమండపం హాలంత, చోటు కావలసిన టన్ను వాయువు కిలోమీటరు లోతులో ఒకటిన్నర ఘనపు మీటర్లలో, అంటే మన ఇళ్ల మీది పెద్ద నీళ్ల ట్యాంకులో, ఇమిడిపోతుంది.

దానికి చోటిచ్చేది గుహ కాదు, చాలామంది అనుకునేట్టు భూమి లోపలి ఖాళీ గది కూడా కాదు. ఇసుకరాయి వంటి అవక్షేప శిలలో రేణువుల మధ్య ఉండే సన్నని సందులే ఆ చోటు. అంత లోతులో ఆ సందుల నిండా తాగడానికీ, సాగుకూ పనికిరాని ఉప్పునీరు ఉంటుంది. లోనికి పంపిన వాయువు ఆ నీటిని పక్కకు నెట్టి తాను నిలుస్తుంది. నీటికంటే తేలిక కనుక పైకి రావాలని చూస్తుంది. పైకి రాకుండా మెత్తని బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాతిపొర ఒకటి మూతలా పరుచుకొని ఉండాలి. కాలం గడిచే కొద్దీ వాయువులో కొంత సందుల్లో చిన్న చిన్న బుడగలుగా తెగి ఇరుక్కుపోతుంది, కొంత గోలీసోడాలో మాదిరి ఉప్పునీటిలో కరుగుతుంది. కరిగిన నీరు చుట్టూ ఉన్న నీటి కంటే కొంచెం బరువెక్కి కిందికి దిగుతుంది కాబట్టి పైకి తప్పించుకునే భయం ఏళ్లు గడిచే కొద్దీ తగ్గుతుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో బ్రావో డోమ్ అనే చోట ప్రకృతిసిద్ధంగా చేరిన కార్బన్ డయాక్సైడ్ పది లక్షల ఏళ్లకు పైగా భూమి లోపల నిలిచి ఉంది.

అన్నిటికంటే గట్టి బంధం వాయువు రాయిగా మారడం. ఇది వింతగా తోచవచ్చు గాని మన ఇళ్లలో తరతరాలుగా జరిగినదే. గుల్లను బట్టీలో కాల్చినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి సున్నం మిగులుతుంది; ఆ సున్నాన్ని తడిపి సంక్రాంతికి గోడకు పూస్తే, అది నెలల తరబడి గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకొని మళ్లీ గుల్లలో ఉన్న పదార్థంగా, అంటే కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడుతుంది. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడడం బడిలో అందరం చూశాం. పాత కోటల సున్నపు గచ్చు ఏళ్లు గడిచే కొద్దీ గట్టిపడిందంటే దాని వెనుక ఉన్నదీ ఈ రసాయనమే. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము సమృద్ధిగా ఉన్న, లావా చల్లారి ఏర్పడిన బసాల్ట్ రాతిలోనూ ఇదే జరుగుతుంది. ఐస్‌లాండ్‌లోని హెల్లిషెయిది భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర కార్బ్‌ఫిక్స్ బృందం 2012లో వాయువును నీటిలో కరిగించి, అచ్చంగా సోడా చేసి, బసాల్ట్‌లోకి పంపగా, రెండేళ్లలోపే దానిలో 95 శాతానికి పైగా ఖనిజంగా మారిందని 2016లో ప్రకటించింది. అయితే ఆ పద్ధతికి ఒక టన్ను వాయువుకు పాతిక టన్నుల నీరు కావాలి. 2013లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వాలూలా దగ్గర, నీరు కలపకుండా వెయ్యి టన్నుల దాకా బసాల్ట్‌లోకి పంపి, రెండేళ్ల తర్వాత ఆ రాతి నమూనాలను పైకి తీస్తే, వాటి రంధ్రాల్లో కార్బనేట్ గుళికలు కట్టి కనిపించాయి.

ఇప్పుడు మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కొండలూ, వాటి మధ్య మైదానాల అడుగుభాగమూ తూర్పు కనుమల రూపాంతర శిలలే: ఖోండలైట్, చార్నొకైట్, గ్రానైట్ నైస్. ఖోండు గిరిజనుల పేరుమీద ఖోండలైట్‌కు ఆ పేరు వచ్చింది. ఈ రాళ్లు సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల ఎంతో లోతున, ఇనుము ఎర్రగా కాలేంత వేడిలో ఉడికి, ఆ తర్వాత పైకి తేలినవి. అంత ఒత్తిడిలో నలిగిన రాతిలో రేణువుల మధ్య సందు మిగలదు. టెక్కలి క్వారీ నుంచి వచ్చి నునుపు పట్టిన గ్రానైట్ పలక మీద ఒక చెంబు నీళ్లు పోస్తే అవి జారిపోతాయే గాని ఇంకవు. బోరు రిగ్గు లేపే ఆ పొడి మనకు చెబుతున్నదీ అదే. ఇలాంటి రాతిలో చోటంటూ ఉంటే అది పగుళ్లలోనే ఉంటుంది, పగుళ్లున్న చోట మూత ఉండదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పకుండా ఉండలేను. చార్నొకైట్‌ను కాగితమంత పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, దానిలోని స్ఫటికాల లోపల వెంట్రుక మందం కంటే ఎంతో చిన్నవైన బుడగలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. వాటిలో చాలా బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడే. రాయి లోతుల్లో ఉన్న కాలంలో చిక్కుకొని, కొండ పైకి లేచినా, వానలకు కోసుకుపోయినా విడుదల కాకుండా ఉండిపోయిన వాయువు అది. మన కొండకు వాయువును పట్టి ఉంచడం తెలుసు. కొత్తగా లోపలికి రానివ్వడమే దానికి చేతకాదు.

అందుచేత దక్షిణానికి వెళ్లాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో నదులు కోట్ల ఏళ్లుగా మోసుకొచ్చిన ఇసుక, బంకమట్టి పొరలు కిలోమీటర్ల మందాన పేరుకొని ఉన్నాయి. సహజవాయువు అంతకాలం అక్కడ నిలిచి ఉండడమే ఆ బేసిన్‌లో మూతలు పనిచేస్తున్నాయనడానికి సాక్ష్యం. రాజమహేంద్రవరం దగ్గర పైకి కనిపించే బసాల్ట్ పొరలు, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమాన దక్కన్ పీఠభూమిని కప్పిన లావాకు చెందినవని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం, అవి తీరం వైపు భూమి లోపలికి కూడా సాగాయి. దక్కన్ బసాల్ట్ ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంది, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ దానిలో ఈ వాయువును దాచే అవకాశంపై అధ్యయనాలు చేసింది. దేశం మొత్తం మీద 400 నుంచి 600 శతకోటి టన్నులకు చోటు ఉండవచ్చని నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనా. ఇది కాగితం మీది అంచనా, బావి తవ్వి కొలిచినది కాదన్న సంగతి మరువకూడదు; బోరు వేసే రైతుకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

పరిమాణం సంగతి మరింత నిక్కచ్చిగా చూడాలి. నార్వే ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ వేదిక 1996 నుంచి సహజవాయువులోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అడుగున ఉన్న ఇసుకరాతి పొరలోకి పంపుతోంది. ఏడాదికి పది లక్షల టన్నుల లోపు. దాదాపు ముప్పై ఏళ్లుగా సాగుతున్న ఆ పని మీద నాకు గౌరవం ఉంది. అయితే మన పొరుగున పరవాడలో ఉన్న 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే, గంటకు 1,900 టన్నుల చొప్పున లెక్కవేసినా, అంత వాయువు మూడు వారాలకే పొగగొట్టం దాటుతుంది. ప్రపంచమంతటా ఇప్పుడున్న పట్టుకునే సామర్థ్యం ఏటా సుమారు ఐదు కోట్ల టన్నులు, అంటే మనం వదులుతున్నదానిలో ఏడు వందల్లో ఒక వంతు మాత్రమే. ఈ లెక్క చూశాక, భూగర్భ నిల్వను చూపించి కొత్త బొగ్గు కేంద్రాలు కట్టుకోవచ్చనడం నాకు ఒప్పుకోలేని మాట. సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసం 2010 జూలై 14న, కాకరాపల్లి తంపర భూముల కోసం 2011 ఫిబ్రవరి 28న థర్మల్ కేంద్రాలకు ఎదురు నిలిచినవారిపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన జిల్లా మనది. ఇలాంటి హామీని తూకం వేసి చూసే హక్కు ఇక్కడి జనానికి ఉంది.

మరి ఈ విద్య ఎవరికి? కరెంటును సూర్యుడి నుంచి, గాలి నుంచి తీసుకోవచ్చు. మాంగనీసు ఖనిజం నుంచి లోహాన్ని మాత్రం గాలిమరతో విడదీయలేము. విజయనగరం జిల్లాలో మాంగనీసు తవ్వకం పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఉంది, గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లో ఇనుముతో మాంగనీసు వంటి లోహాలు కలిసిన ఫెర్రో అల్లాయ్ తయారుచేసే కొలుములు వెలిశాయి. ఆ కొలిమిలో ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కునేది బొగ్గు నుంచి చేసే కోక్‌లోని కార్బన్, కాబట్టి కరెంటు ఎంత శుభ్రమైనదైనా ఆ చర్యలోంచే వాయువు పుడుతుంది. సిమెంటూ అంతే, సున్నపురాయిని కాల్చడమే దానిలోని వాయువును వెళ్లగొట్టడం. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారం తన వాయువును పట్టి, ద్రవంగా చల్లబరిచి, ఓడలో పంపగా, 2025 ఆగస్టులో నార్తర్న్ లైట్స్ సంస్థ తొలిసారి దానిని సముద్రం అడుగున 2,600 మీటర్ల లోతులోకి దింపింది. వేరే దారి లేని పరిశ్రమకు ఈ దారి దక్కాలి.

బొబ్బిలిలో ఒక కొలిమి అలా చేయదలిస్తే వాయువును రెండు వందల కిలోమీటర్లకు పైగా తరలించి కాకినాడ వైపు చేర్చాలి, గొట్టంలోనైనా, ఓడలోనైనా. ఆ ప్రయాణమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఈ వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. రంగు, వాసన లేవు. పాత నూతిలో పూడిక తీయడానికి దిగేముందు మన తాతలు లాంతరు దించి చూసి, దీపం ఆరిపోతే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. 1986 ఆగస్టులో కామెరూన్‌లోని న్యోస్ సరస్సులోంచి ఒక్కసారిగా వెలువడిన ఈ వాయువు లోయల వెంట పారి దాదాపు 1,700 మందిని చంపింది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా ఊరి దగ్గర గొట్టం పగిలితే ప్రాణాలు పోలేదు గాని 45 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. నిల్వ చేసిన చోట కూడా కన్ను వేసి ఉండాలి: అల్జీరియాలోని ఇన్ సలాలో 2004 నుంచి వాయువును పంపుతుండగా పైనున్న నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బడాన్ని ఉపగ్రహాలు పట్టాయి, పైమూత భద్రతపై అనుమానం వచ్చి 2011లో ఆపేశారు.

బొబ్బిలి నుంచి కాకినాడ వైపు వెళ్లే గొట్టం వేగావతి, చంపావతి వంటి నదులనూ, గెడ్డలని మనం పిలిచే లెక్కలేనన్ని వాగులనూ దాటవలసి వస్తుంది, గొట్టం పగిలితే గాలి కంటే బరువైన వాయువు ముందుగా చేరేదీ ఆ గెడ్డల పల్లంలోకే. ప్రతి గెడ్డకూ రెండు ఒడ్డులా దానంతట అదే మూసుకునే కవాటం, పల్లంలో వాయువును పసిగట్టే పరికరం, పొలంలో ఉన్నవారికి వినిపించే సైరన్ ఉండాలి. సైరన్ మోగితే గెడ్డ వెంట కాకుండా గాలికి అడ్డంగా మెరక మీదికి వెళ్లాలని ఆ ఊళ్లలో పశువులు కాసే పిల్లలకు సైతం, గొట్టం పాతకముందే, తెలిసి ఉండాలి.