59 గెలుపుల వెనక ఒక బేరం

ఒకే సీజన్‌లో ఒక పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) 59 మ్యాచ్‌లు గెలిపించాడంటే ఇప్పటి బేస్‌బాల్ అభిమానికి నమ్మబుద్ధి కాదు. ఈ రోజుల్లో 20 గెలిపిస్తేనే గొప్ప. 1884లో అమెరికాలోని ప్రావిడెన్స్ గ్రేస్ జట్టుకు చార్లెస్ రాడ్‌బోర్న్ ఆ పని చేసిపెట్టాడు. (60 అనేవాళ్లూ ఉన్నారు. ఒక మ్యాచ్ ఎవరి ఖాతాలో వేయాలన్న పేచీ ఇంకా తెగలేదు.) అందరూ అతని భుజబలం గురించే చెబుతారు. నన్నడిగితే అసలు కథ జీతం దగ్గరుంది.

1879లో, గ్రేస్ ఆడే నేషనల్ లీగ్‌లోని జట్ల యజమానులు తమలో తాము ఒక మాట అనుకున్నారు. ఒక్కో జట్టు ఐదుగురిని అట్టిపెట్టుకోవచ్చు, వాళ్లను మిగతా జట్లు ముట్టుకోకూడదు. దాన్నే రిజర్వ్ నిబంధన అంటారు. తర్వాత ఆ ఐదుగురి సంఖ్య పెరుగుతూ పోయింది. జట్టు వదలదు, వేరేచోట ఆడనివ్వరు. ఇక జీతం పెంచమని గట్టిగా అడిగేదెలా?

ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో పెరిగి, తండ్రితో పాటు మాంసం కొట్టే పని చేసిన రాడ్‌బోర్న్ మెత్తటి మనిషేం కాదు. జట్టులో రెండో పిచర్ చార్లీ స్వీనీ. కుర్రాడు. 1884 జూన్ 7న బోస్టన్ మీద 19 స్ట్రైక్ఔట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) చేసి హీరో అయిపోయాడు. సీనియర్‌కు ఒళ్లు మండింది. గొడవలు ముదిరి, జులైలో యాజమాన్యం రాడ్‌బోర్న్‌ను సస్పెండ్ చేసింది.

సరిగ్గా అప్పుడే స్వీనీ తిరగబడ్డాడు. జులై 22న ఫిలడెల్ఫియాతో మ్యాచ్. ఆధిక్యంలో ఉండగా, బంతి మరొకరికిచ్చి రైట్ ఫీల్డ్‌లోకి (మైదానం కుడివైపు ఫీల్డింగ్‌కు) వెళ్లమన్నాడు మేనేజర్ ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్. అప్పట్లో గాయమైతే తప్ప బయటి నుంచి కొత్త ఆటగాడిని దించడానికి లేదు. స్వీనీ బూతులు తిట్టి మైదానం వదిలి వెళ్లిపోయాడు. ఎనిమిది మందితో ఆడి, గెలవాల్సిన ఆట ఓడిపోయారు. అతన్ని జట్టులోంచి తీసేశారు. జట్టునే ఎత్తేద్దామా అన్నదాకా వెళ్లింది వ్యవహారం.

ఇప్పుడు రాడ్‌బోర్న్ చేతికి పగ్గం చిక్కింది. మిగిలిన మ్యాచ్‌లన్నీ తానే వేస్తానన్నాడు. బదులుగా జీతం పెంచాలి, సీజన్ అయ్యాక రిజర్వ్ నుంచి విముక్తి కావాలి. సరేనన్నారు. ఆ ఏడాది మొత్తం 678 ఇన్నింగ్స్ (ప్రత్యర్థుల్లో ముగ్గురు ఔటైతే ఒకటి), 441 స్ట్రైక్ఔట్లు. ఇప్పుడు మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ సీజన్‌లో 200 ఇన్నింగ్స్ వేస్తే చాలంటారు. పొద్దున్నే తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదట. గ్రేస్ లీగ్ గెలిచింది. అక్టోబరులో పోటీ లీగ్ విజేత న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌తో జరిగిన మూడు మ్యాచ్‌లూ అతనే వేసి గెలిపించాడు.

ఇంతా చేసి 1885లోనూ ప్రావిడెన్స్‌కే ఆడాడు. ఆ ఏడాదితో జట్టు మూతపడింది, అతను బోస్టన్ చేరాడు. 1890లో ఆటగాళ్లు రిజర్వ్ నిబంధన మీద కోపంతో సొంతంగా ప్లేయర్స్ లీగ్ పెట్టుకుంటే అందులోకీ వెళ్లాడు. అది ఒక్క ఏడాదే నడిచింది. 1891లో అతని ఆట ముగిసింది. 1897లో, 42 ఏళ్లకే పోయాడు. రిజర్వ్ నిబంధన మాత్రం 1975 డిసెంబరు దాకా బతికింది. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, కొత్త కాంట్రాక్టు మీద సంతకం చేయకుండా ఏడాది ఆడినవాళ్లు ఎక్కడికైనా వెళ్లొచ్చని తీర్పిచ్చాడు. ఆ ఇద్దరూ పిచర్లే.