గేదెల లెక్క మేలో వేయండి, కార్తీకంలో కాదు

"సార్, నాలుగెకరాలుంది. ఎన్ని గేదెలు తెచ్చుకోమంటారు?" నెల్లూరు జిల్లా ఉదయగిరి, కావలి వైపు నుంచి ఈ ఫోన్లు ఎప్పుడూ తుఫాను వానలు పడ్డాకే వస్తాయి. మేత సంగతి అడిగితే "గట్ల నిండా గడ్డే సార్" అంటారు.

అపోహ: పొలం పచ్చగా ఉంది, ఇంకో నాలుగు పశువులు పడతాయి.

వాస్తవం: మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకే. సంక్రాంతి దాటితే గడ్డి ముదిరి ఎండిపోతుంది. మేలో ఎన్నిటిని మేపగలరో అదే మీ మంద. 450 కిలోల పాడి గేదెకు రోజుకు సుమారు 12 కిలోల పొడి పదార్థం కావాలి. పచ్చిమేతలో అది ఐదో వంతే, మిగతాదంతా నీళ్లు. పచ్చిమేత దొరకని రోజుల్లో దాణా పెట్టినా వరిగడ్డి రోజుకు 8 నుంచి 10 కిలోలు పడుతుంది. మార్చి నుంచి జూలై దాకా ఒక్క గేదెకే టన్నున్నర దాకా అనుకోండి. నాలుగు గేదెలకు ఆరు టన్నులు. మీ వామి అంతుందా? కొనాల్సి వస్తే పాల డబ్బంతా గడ్డికే పోతుంది.

ఒకసారి మే నెలలో ఓ ఇంటికి పిలిచారు. లోను మీద ఒకేసారి ఆరు గేదెలు తెచ్చారు. "ఎదకు రావట్లేదు సార్, మందేదైనా రాయండి" అన్నాడాయన. తోక మొదట్లో గుంటలు పడ్డాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. వామి అడుగు కనిపిస్తోంది. ఆయన భార్య గడ్డి చేతులతో తూచి తూచి వేస్తోంది. రోగం కాదమ్మా, ఆకలి అని చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆరు అనే అంకె వాళ్లు ఎంచుకున్నది కాదు, లోను కాగితంలో ఉన్నది.

కార్తీకంలో మిగిలే గడ్డికి గేదెలు కాదు, పొట్టేలు పిల్లలు తెచ్చుకోండి. ఉగాదిలోపు అమ్మేయండి. ఏడాదంతా ఉండే మంద వేరు, వచ్చిపోయే మంద వేరు.

గొర్రెలు తిరిగితే పొలం పాడవుతుందా? జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) మందను రాత్రిళ్లు చేలో కట్టిస్తే ఎరువు ఖర్చు తగ్గుతుంది. పాడయ్యేది రోజూ ఒకేచోట మేపితే. పొలాన్ని మడులుగా విడగొట్టి, మేసిన మడికి నెల, నెలన్నర విశ్రాంతి ఇవ్వండి. నట్టల బెడదా కొంత తగ్గుతుంది.

ఒక్క నాటు ఆవుతో ముప్పై ఎకరాలు సాగు చేయొచ్చంటారు, నిజమేనా? ఎకరాకు 10 కిలోల పేడ చొప్పున జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టే ద్రావణం) వరకు సరే. పెంట తోలడానికి చాలదు. ఒంగోలు ఆవు దగ్గర ముర్రా గేదె ఇచ్చేన్ని పాలు ఆశించకండి.

మేతకు సుబాబుల్ చెట్టు ఆకు ఒక్కటే వేస్తే చాలనేవాళ్లను నమ్మొద్దు. పచ్చిమేతలో మూడో వంతు దాటించకండి. వానల్లేక వాడిన లేత జొన్న విషం, పూత దాటాకే కోయండి. ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి, పిల్లలతో సహా. పశువుల్ని తోలుకెళ్లేది ఎక్కువగా వాళ్లే.